మూడు అన్నాక కళ్ళు తెరవండి

ప్రెస్సు, మేడమీద గది
ఫిబ్రవరి 6

వదినకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం చదివి మీరు నవ్వుతారని తెలిసే రాస్తున్నాను. నవ్వండి. మీరు నవ్వి చాలా రోజులైంది.

మొన్న ఆదివారం మా ప్రెస్సువాళ్ళమంతా నది పక్కన పార్కుకి వెళ్ళాం. మిషన్లవాళ్ళు, బైండింగువాళ్ళు, నాలాంటి ప్రూఫులు దిద్దేవాళ్ళు, పెళ్ళాం పిల్లలతో కలిపి ముప్పై నలుగురం. భోజనాలయ్యాక గ్రూప్ ఫోటో అన్నారు. "అంత పేరున్న ఫోటోగ్రాఫర్ తమ్ముడు మన మధ్యే ఉండగా ఇంకొకళ్ళెందుకు?" అని మా యజమాని కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు. నేను కూడా పెద్ద పోటుగాడిలా అందరినీ పచ్చిక మధ్యలో నిలబెట్టి, వెలుతురు బాగా పడాలి కదా అని సూర్యుడికి ఎదురుగా తిప్పి, ఒకే ఒక్కటి తీశాను.

నిన్న కడిగించి తెచ్చారు. ఏం చెప్పమంటారు! సగంమంది కళ్ళు మూసుకున్నారు. తెరిచినవాళ్ళకి కళ్ళున్నచోట రెండేసి నల్లటి గుంటలు. మా యజమాని నడినెత్తి మీంచి దీపస్తంభం మొలిచింది. మీ తోడికోడలైతే ఫోటోలోనే లేదు. ఎవరి వెనక నుంచో ఆమె చెయ్యి ఒక్కటే కనపడుతోంది, అది కూడా నన్ను తిడుతున్నట్టే ఉంది. రెండు రోజులుగా ప్రెస్సులో ఎవరు ఎదురైనా కళ్ళు మూసుకుని నడిచి చూపిస్తున్నారు.

వచ్చే నెల మళ్ళీ వెళ్తారట. నా పరువు ఎలాగైనా దక్కించుకోవాలి. అన్నయ్య ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి. అడిగినా జవాబు మీ నోటినుంచే వచ్చేదని మనిద్దరికీ తెలుసు. అందుకే నేరుగా మిమ్మల్నే అడుగుతున్నాను. చిన్నప్పుడు లెక్కలు చెప్పినట్టు చెప్పండి, మొట్టికాయలు లేకుండా.

మీ మరిది


స్టూడియో, వెనక గది
ఫిబ్రవరి 14

చిన్నోడికి,

ఆశీస్సులు. నవ్వాను. గట్టిగానే నవ్వాను. పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూలు మీద కూర్చున్నాయన నాకేమైందోనని లేచి నిలబడ్డాడు.

నువ్వు చేసిన మొదటి తప్పు ఎండని నమ్మడం. గ్రూప్ తీసేవాళ్ళకి ఎండ చుట్టం కాదు. ఎదురుగా పెడితే కళ్ళు చికిలిస్తారు, నడినెత్తి మీదుంటే మొహాలకి గుంటలు తవ్వుతుంది. పెద్ద గోడదో, భవనానిదో నీడ వెతుక్కో. అందరూ పూర్తిగా అందులో పట్టాలి. సగం నీడా సగం ఎండా అసలు వద్దు. చెట్టు నీడ అంటావేమో, ఆకుల సందుల్లోంచి పడే ఎండకి మనుషులు మచ్చల జింకల్లా ఉంటారు. ఎక్కడా నీడ లేదంటే సూర్యుణ్ణి వాళ్ళ వీపు వైపు ఉంచు. మొహాలకి సరిపడా వెలుతురు చూసుకో, వెనక ఆకాశం తెల్లబోతే పోనీ. మనం ఆకాశానికి ఫోటో తీయడం లేదు.

జనాన్ని పిలవకముందే నీ ఏర్పాట్లన్నీ చేసేసుకో. ఒక్క మనిషిని నిలబెట్టి సరిచూసుకుని, ఆ తర్వాత మిగతావాళ్ళని కేకెయ్యి. వాళ్ళు సర్దుకుని నిలబడ్డాక నువ్వు మరలు తిప్పుతూ కూర్చుంటే అయిదు నిమిషాల్లో మొహాలు వాడిపోతాయి. ఇంకోటి, ముందు మొహాలు చూడకు. ముందు వాళ్ళ వెనకేముందో చూడు. నువ్వు ఒక్క అడుగు పక్కకి జరిగి ఉంటే మీ యజమాని నెత్తిన స్తంభం ఉండేది కాదు, నువ్వు నాకు ఉత్తరమూ రాసేవాడివి కాదు.

మెట్లు దొరికితే సగం పని అయినట్టే. ముందు వరుసలో ఇద్దరి తలల మధ్య సందులో వెనకవాడి తల రావాలి. "మీకు కెమెరా కనపడితేనే కెమెరాకి మీరు కనపడతారు" అని గొంతెత్తి చెప్పు. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మా తోడికోడలు చేత్తో సరిపెట్టుకునేది కాదు పాపం.

ఇక కళ్ళు. అందరినీ కళ్ళు మూసుకోమను. ఒకటి, రెండు, మూడు. మూడు అన్నాక తెరవమను. తెరవగానే నొక్కెయ్యకు, ఊపిరి తీసుకున్నంత సేపు ఆగు. అప్పుడే తెరిచిన కన్ను వెంటనే రెప్ప వెయ్యదు. అయినా ఒక్కటి తీసి ఊరుకోకు. ముప్పైమందికి ఆరైనా తియ్యి. రీలు మిగిల్చి ఏం చేసుకుంటావు?

ఇక్కడ అంతా మామూలే. ఆయన పోయి రెండేళ్ళు దాటింది కదా, ఆరుబయట పని ఒక్కటీ రాలేదు. వచ్చినవాళ్ళు కూడా "సారు లేరు కదమ్మా" అని గుమ్మం దగ్గరే తిరిగి వెళ్ళిపోతారు. నేను ఏమీ అనను. ఏమని అంటాను? నువ్వు అడిగితే ఇదంతా రాశాను గానీ, రాస్తుంటే చేతులకి ఏదో పాత చురుకు వచ్చినట్టుంది.

మీ వదిన


ప్రెస్సు, మేడమీద గది
మార్చి 10

వదినకు,

నమస్కారాలు. మీరు గెలిచారు! పార్కు ఆఫీసు భవనం నీడలో, దాని మెట్ల మీద నిలబెట్టాను. ఎనిమిది తీశాను. ఒక్కదాంట్లో అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. మీ తోడికోడలు నిలువెత్తు మనిషి కనిపించింది. ఆ ఫోటోకి పటం కట్టించి హాల్లో పెట్టుకుంది, నన్ను తిట్టడం రెండు రోజులు మానేసింది కూడా. మా యజమాని నన్ను గదిలోకి పిలిచి, "ఇదంతా ఎక్కడ నేర్చావయ్యా?" అని అడిగాడు.

ఇప్పుడు అందరూ నన్నే అడుగుతున్నారు. మీరు చెప్పినవన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటున్నాను. ఇంకా చెప్పండి వదినా. ముప్పైమంది కాదు, వందలమంది ఉంటే ఏం చేయాలి? గాలి వీస్తే? కళ్ళజోళ్ళవాళ్ళుంటే? ముసలివాళ్ళని, గొడవలున్నవాళ్ళని ఎక్కడ పెట్టాలి? ఎంత వివరంగా రాస్తే అంత సంతోషం. అన్నయ్య కబుర్లు కూడా కలపండి. ఆయన అక్కడ ఏమన్నాడు, ఎలా నవ్వించాడు, అన్నీ. నేను మీ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాననుకోండి.

మీ మరిది


స్టూడియో, వెనక గది
మార్చి 22

చిన్నోడికి,

ఆశీస్సులు. వందలమంది అన్నావు కాబట్టి బస్సు డిపో ఫోటో సంగతి చెప్తాను. రెండు వందల పన్నెండు మంది. డ్రైవర్లు, కండక్టర్లు, గ్రీజు మరకలతో మెకానిక్కులు.

అంతకన్నా ముందు ఒక మాట. ఆయన చూపు సంగతి నీకు కొత్త కాదు. కంటి ఆసుపత్రికి మొదటిసారి ఆయన వెంట వెళ్ళిందే నువ్వు. నాకైనా నువ్వొచ్చి చెప్తేనే తెలిసింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయన అద్దంలోంచి చూసి ఒక్క ఫోటో తీయలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నడిచేవారు. చూసేవాళ్ళకి ముచ్చటైన జంటలా ఉండేవాళ్ళం. స్టాండు నిలబెట్టడం, నల్లగుడ్డ కింద దూరి చూడటం, వరుసలు సర్దడం నా పని. ఆయన కెమెరా పక్కన నిలబడి, పొడుగాటి తీగ చివర బొత్తాం చేత్తో పట్టుకుని, జోకులు వేసేవారు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉండేవి. అలా ఉండాలనే నేనూ చూసేదాన్ని. చూపులు తలోదిక్కుకీ పోతే గ్రూప్ పాడవుతుంది. నేను గుడ్డలోంచి బయటికొచ్చి, ఫిల్ము ఎక్కించి, ఒక పక్కన నిలబడి మొహాలన్నీ ఒకసారి చూసుకుని దగ్గేదాన్ని. ఆయన నొక్కేవారు.

ఇక డిపో. ముందురోజే వెళ్ళి చూశాను. వర్క్‌షాపు గోడ నీడ నాలుగింటికి గానీ ఆవరణలోకి పూర్తిగా పడదు. అందుకని నాలుగున్నరకి రమ్మన్నాం. అంతమందిని తిన్నగా గీత గీసినట్టు నిలబెడితే చివరివాళ్ళు కెమెరాకి దూరమైపోతారు. అందుకని వరుసల్ని విల్లులా వంచాను. రెండు చివర్లూ ముందుకి. బస్సుల కోసం పెట్టిన ఇనపబల్లలు వెనక మూడు వరుసలకి మెట్లయ్యాయి. నేనూ కెమెరాని ఒక బల్ల మీదికి ఎక్కించాను. కాస్త ఎత్తునుంచి చూస్తే వెనక తలలు మునిగిపోవు. లావుగా ఉన్నవాళ్ళని చివర పెట్టకు, అద్దం అక్కడ ఇంకా సాగదీస్తుంది, జన్మంతా నిన్ను తిట్టుకుంటారు. కళ్ళజోడువాళ్ళని గడ్డం వేలెడు కిందికి దించమంటే అద్దాల మెరుపు పోతుంది. గాలి వీస్తుంటే అందరినీ గాలికి మొహం పెట్టి నిలబెట్టు, జుట్టు వెనక్కి పోతుంది. పక్కనుంచి వీచిందంటే ఆడవాళ్ళ మొహాలు సగం జుట్టే. ముసలివాళ్ళని అందరికన్నా చివర పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టు, అందరికన్నా ముందు పంపించు. ఆ డిపోలో ఇద్దరు డ్రైవర్లకి మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకణ్ణి ఈ చివర, ఇంకొకణ్ణి ఆ చివర పెట్టాను. వరుస వంపు వల్ల ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడ్డారు. ఏమనుకున్నారో, ఇద్దరూ నవ్వేశారు. అప్పుడే దగ్గాను.

ఫోటో చూసి డిపో మేనేజరు, "ఏం కన్ను సార్ మీది!" అన్నాడు. మీ అన్నయ్య బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నాకు అది చాలింది. అప్పట్లో.

ఇప్పుడు నా సంగతి. ఇక్కడి ఫోటోగ్రఫీ స్కూల్లో ఆరుబయట పని నేర్పడానికి మనిషి కావాలని ప్రకటన వేశారు. నాకు వెళ్ళాలనుంది. కానీ నా పేరుతో ఒక్క ఫోటో లేదు, అన్నిటి వెనకా ఆయన ముద్రే. ఆయన చూపు గురించి ఊరంతా చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఆ సంగతి ఎత్తకుండానే, "ఆరుబయట పనంతా మా వదినే చేసేది, నా కళ్ళతో చూశాను" అని నువ్వు నాలుగు ముక్కలు రాసిస్తే చాలు. తెలిసినవాళ్ళలో బతికి ఉన్నది నువ్వొక్కడివే. మే పదిహేను ఆఖరు రోజు.

మీ వదిన


ప్రెస్సు, మేడమీద గది
ఏప్రిల్ 8

వదినకు,

నమస్కారాలు. డిపో ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ ఇద్దరు డ్రైవర్ల ముక్క దగ్గర నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మీరు అడిగిన ఉత్తరం తప్పకుండా రాస్తాను. ప్రెస్సులో ఊపిరి సలపడం లేదు. ఒకటి రెండు వారాల్లో పంపుతాను, మీరు నిశ్చింతగా ఉండండి.

డిపో ఫోటో నెగటివ్ ఒకసారి పంపగలరా? పెద్దది వేయించి దాచుకోవాలనుంది. అలాగే అన్నయ్య స్టూడియో ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో ఉండాలి, అది కూడా.

మీ మరిది


స్టూడియో, వెనక గది
ఏప్రిల్ 17

చిన్నోడికి,

ఆశీస్సులు. రెండూ పంపుతున్నాను. నెగటివ్‌ని అంచుల దగ్గరే పట్టుకో, వేలిముద్రలు పడితే పోవు.

దరఖాస్తు నింపేశాను. "అనుభవం" అన్నచోట పదకొండేళ్ళు అని రాస్తుంటే సొంత పెళ్ళి శుభలేఖ రాసుకుంటున్నట్టు సిగ్గేసింది. నీ ఉత్తరం జతచేయడమే మిగిలింది. మర్చిపోవు కదూ?

మీ వదిన


స్టూడియో
మే 16

మరిదిగారికి,

మీ ఉత్తరం రాలేదు. మే మొదటి వారమంతా పోస్టు వచ్చే వేళకి గుమ్మంలోనే నిలబడ్డాను. నిన్న ఆఖరు రోజు కాబట్టి ఉత్తి దరఖాస్తు పట్టుకుని స్కూలుకి వెళ్ళాను.

ప్రిన్సిపాల్‌గారు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచారు. "నూరేళ్ళమ్మా మీకు! మేమే కబురు చేద్దామనుకుంటున్నాం" అని బల్ల మీది పుస్తకం నా చేతిలో పెట్టారు. ఇంకా సిరా వాసన పోలేదు. అట్ట మీద డిపో ఫోటో. వెనక అట్ట మీద చేతులు కట్టుకుని ఆయన. రాసినవారు ఆయన. సేకరించినవారు తమ్ముడు. మీరు.

తెరిచాను. "గ్రూప్ తీసేవాళ్ళకి ఎండ చుట్టం కాదు." అది నేను ఫిబ్రవరిలో మీకు రాసిన వాక్యం. మచ్చల జింకలు ఉన్నాయి. మూడు అన్నాక తెరిచే కళ్ళు ఉన్నాయి. ఇద్దరు డ్రైవర్లూ ఉన్నారు. మీరు ఒక్క అక్షరం మార్చలేదు, అంత బాగా నచ్చినట్టున్నాయి. నేను దగ్గగానే ఆయన నొక్కేవారన్నది మాత్రం లేదు. అక్కడ, "నా భార్య నాకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడేది" అని ఉంది.

నేను ఎప్పుడు గొడుగు పట్టుకున్నాను మరిదిగారూ?

ప్రిన్సిపాల్‌గారు మాట్లాడుతూనే ఉన్నారు. ఈ ఏడాది నుంచి దాన్నే పాఠ్యపుస్తకం చేస్తారట. వచ్చే నెల సభ పెడతారట. "మీరొచ్చి రెండు మాటలు చెప్పాలమ్మా, అంత గొప్ప కన్నున్న మనిషితో కాపురం ఎలా ఉండేదో మా విద్యార్థులకి తెలియాలి" అన్నారు. అప్పుడు నా దరఖాస్తు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నా వైపు చూసి, మళ్ళీ చదివారు. చాలా మెత్తగా, "మీకు కాస్త కాలక్షేపం కావాలంటే లైబ్రరీలో చూద్దామమ్మా" అన్నారు. ఆ ఫోటోలు తీసింది నేనని చెప్పాను. ఆయన పుస్తకం వైపు చూశారు. తప్పు ఆయనది కాదు. అచ్చులో ఉన్నదే నిజమనుకుంటారు ఎవరైనా. "ఆధారం ఏదైనా తెండి, నెలాఖరు దాకా ఆగుతాను" అన్నారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మీకు పన్నెండేళ్ళు. మీ అమ్మగారు జబ్బుపడితే మీకు నేనే తలదువ్వి బడికి పంపాను. అందుకని ఒక్క అవకాశం ఇస్తున్నాను. నిజం రాసి పంపండి. చూపు సంగతి రాయక్కర్లేదు. నా సంగతి రాయండి చాలు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


ప్రెస్సు, సంపాదకుడి గది
మే 22

వదినకు,

మీరు నన్ను "మరిదిగారు" అన్నచోట నేను చదవలేక ఉత్తరం మడిచి పెట్టాను. చిన్నోడా అని తిట్టి ఉంటే బాగుండేది.

మీకు ముందే చెప్పాల్సింది. ఎన్నిసార్లు కలం పట్టుకున్నానో! మీ మొదటి ఉత్తరం మా యజమానికి చూపించింది నిజం. "ఎవరిది?" అన్నాడు. "అన్నయ్యది" అని నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను. అన్నయ్య పేరుంటే పుస్తకం వేస్తానన్నాడు. వేశాడు. దానివల్లే నన్ను సంపాదకుణ్ణి చేశారు. అదీ దాచను.

కానీ నాకోసమే చేశాననుకోకండి. అన్నయ్య పోయే ముందు వారం, ఆసుపత్రిలో, నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో మీకు తెలియదు. "నా చూపు సంగతి ఎవరికీ తెలియకూడదురా. ఆ ఫోటోలు నావేనని జనం అనుకోవాలి. ఎప్పటికీ. మీ వదిన ఏమీ అనదులే." ఇవే మాటలు. నేను మాటిచ్చాను. చనిపోయే మనిషికి ఇచ్చిన మాట వదినా!

నేను మీకు ఆ ఉత్తరం రాసిస్తే రేపు ఎవరో ఒకరు అడుగుతారు. పని ఆమె చేస్తే ఆయనేం చేశాడు? ఎందుకు చేయలేదు? అప్పుడు అన్నయ్య పదకొండేళ్ళు జనాన్ని మోసం చేసిన గుడ్డివాడవుతాడు. మీకు అది సమ్మతమేనా? అయినా బొత్తాం నొక్కింది అన్నయ్యే కదా. ఆ మాట అబద్ధం కాదే. ఆయన పేరు నిలబడితే మీ పేరు నిలబడినట్టు కాదా? మీరిద్దరూ వేరువేరని నేనెప్పుడూ అనుకోలేదు.

గొడుగు మాట నేను రాసిందే. మీరు కూడా ఎక్కడో ఒకచోట కనపడాలని రాశాను.

సభకి రండి. ముందు వరుసలో మీ పక్కన కూర్చుంటాను. ఆ ఉత్తరం మాత్రం రాయలేను. క్షమించండి.

మీ మరిది


స్టూడియో
జూన్ 4

మరిదిగారికి,

ఆసుపత్రిలో ఆ రోజు నాకు గుర్తుంది. "వదినా, రెండు రోజుల్నుంచి కూర్చునే ఉన్నారు, కాసేపు బయటికెళ్ళి టీ తాగి రండి" అన్నారు మీరు. నామీద ఎంత ప్రేమో అనుకున్నాను. టీ తాగి వచ్చాను. నేను వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం అయిపోయింది.

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను మీమీద కన్నా ఆయనమీదే ఎక్కువ ఏడ్చాను. పదకొండేళ్ళు నా భుజం పట్టుకుని నడిచిన మనిషి. బల్ల కింద చెయ్యి పట్టుకుంటే అది నాకు కృతజ్ఞత చెప్పడమనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఏమీ అనకు అని చెప్పడమేమో. రెండూనేమో. అడగడానికి మనిషి లేడు. నాతో ఒక్క మాట అని ఉంటే నేనే జన్మంతా నోరు మూసుకునేదాన్ని. నన్ను అడగలేదు. నా గురించి మీకు చెప్పి వెళ్ళారు.

ముందు డిపోకి వెళ్ళాను. రెండు వందల పన్నెండు మంది నా ఎదురుగా నిలబడ్డారు కదా, ఒక్కరైనా చెప్పకపోతారా అనుకున్నాను. టికెట్ల గదిలో కండక్టరమ్మ ఒకామె నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. "సారు ఎంత నవ్వించారమ్మా ఆ రోజు!" అంది. ఫోటో తీసిందెవరని అడిగాను. వింతగా చూసి, "సారే కదమ్మా. చేత్తో బొత్తాం కూడా పట్టుకుని ఉన్నారు" అంది. నేను ఎక్కడున్నానో గుర్తుందా అన్నాను. చాలాసేపు ఆలోచించింది. "మీకు అప్పుడు బాగా దగ్గుండేది. పాపం, తగ్గిందా?" అని అడిగింది.

తగ్గిందని చెప్పి వచ్చేశాను. దోవలో నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమెని ఏమనగలను? అందరి కళ్ళూ ఆయన మీదే ఉండేట్టు నిలబెట్టింది నేనే.

మీకు తెలియని సంగతి ఒకటి నా దగ్గరుంది. కంటి ఆసుపత్రి కాగితాలన్నీ బీరువాలో దాచాను. మీరు తోడెళ్ళిన మొదటి చీటీ కాదు, ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున ఇచ్చినవి. డిపో ఫోటోకి నాలుగు నెలల ముందు చీటీ మీద డాక్టరు రాసింది, ఎదుట పట్టుకున్న వేళ్ళు కూడా లెక్కపెట్టలేకపోతున్నారని. అది చూపించాల్సిన పని పడకూడదనే మీ నాలుగు ముక్కల కోసం రెండు నెలలు ఎదురుచూశాను. ఆయన పరువు నిలిపే దారి అదొక్కటే ఉంది. దాన్ని మూసింది మీరు.

మే ముప్పై ఒకటిన ఆ చీటీ ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద పెట్టాను. ఆయన తేదీ చూశారు, పుస్తకం తెరిచి డిపో ఫోటో కింద తేదీ చూశారు. పుస్తకం మూసేశారు. తర్వాత "బయటికి రండమ్మా" అని విద్యార్థులందరినీ ఆవరణలోకి పిలిపించారు. నలభై మంది దాకా ఉంటారు. నేను పరీక్ష అనుకుని కోపం తెచ్చుకోలేదు. అడగడం ఆయన పని. భవనం నీడ చూసుకుని, స్టాండు నిలబెట్టి, వాళ్ళని మూడు వరుసలు చేశాను. ఈసారి పక్కన నవ్వించేవాళ్ళెవరూ లేరు. తీగ నా చేతిలోనే ఉంది. "ఇటు చూడండి, నా వైపు" అన్నాను. అలా అనడం నాకు అదే మొదటిసారి. గొంతు నాది కానట్టుంది. మొదటిది పాడైంది, తొందరపడి నొక్కేశాను. రెండోది నిలిచింది.

ఉద్యోగం ఇచ్చారు. సోమవారం నుంచి. సభ లేదు. పుస్తకం పాఠాల్లోంచి తీసేశారు. ప్రిన్సిపాల్‌గారు మీ యజమానికి రాశారట. ఏం రాశారో నేను అడగలేదు. మీ గది మీకు ఉంటుందో లేదో నాకు తెలియదు. మీకు చెడు జరగాలని కోరుకోలేదు, జరగకూడదని కూడా కోరుకోలేకపోతున్నాను.

ఆ చీటీ సంగతి ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలిసింది. నిన్న స్టూడియోకి వచ్చినావిడ, "పదకొండేళ్ళు ఎలా నెట్టుకొచ్చారమ్మా గుడ్డిమనిషితో?" అంది. ఆయన్ని ఎవరైనా ఆ మాట అంటే నేను భరించలేనని ఎప్పుడూ అనుకునేదాన్ని. భరించాను. ఆవిడ ఫోటో తీసి పంపాను.

ఒక్క సంగతి మీకు చెప్పాలి, మళ్ళీ చెప్పను. ఫిబ్రవరిలో మీ మొదటి ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఏప్రిల్ దాకా నాకు చాలా బాగుంది. సాయంత్రం స్టూడియో తలుపులు వేశాక, ఈసారి వాడికేం చెప్పాలి, గాలి సంగతి చెప్పానా, కళ్ళజోళ్ళ సంగతి చెప్పానా అని కూర్చుని ఆలోచించుకునేదాన్ని. కాపురం చేసిన ఇరవై ఎనిమిదేళ్ళలో, ఆయన పోయిన ఈ రెండేళ్ళలో, నా పని గురించి నన్ను కూర్చోబెట్టి అడిగిన మనిషి మీరొక్కరే. అడుగుతుంటే ప్రేమగా అడిగారు. అన్నీ అచ్చు కోసమే అడిగారని తెలిశాక, ఆ సాయంత్రాలని తలుచుకుందామన్నా సిగ్గుగా ఉంది. ఆ పాత ఫోటోల మీద నా పేరు వేస్తామంటున్నారు స్కూలువాళ్ళు. అది వస్తుంది. ఆ సాయంత్రాలు రావు.

నేను రాసిన ఆ మూడు ఉత్తరాలు మీ దగ్గరున్నాయి. వెనక్కి పంపించండి. కవర్లో ఇంకేమీ పెట్టకండి.